తెరమీద నా పేరు

వెండితెర మీద తన పేరు చూసుకోవాలని సరదా లేనివాడు ఎవడుంటాడు చెప్పండి! మీలో చాలామందికి ఉండే ఉంటుంది. నాకూ ఉండేది. పద్నాలుగో ఏటే ఆ సరదా తీరిపోయింది. ఒక్కసారే తీరింది గాని, ఆ తర్వాత ఇరవయ్యారేళ్లపాటు తెరవంక చూడాలంటేనే భయపడేలా తీరింది.

అది 1983. మేము నాంపల్లి స్టేషనుకు దగ్గర్లో ఒక రెండుగదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. నాన్న రైల్వే పార్సెల్ ఆఫీసులో గుమస్తా. నేను తొమ్మిదో తరగతి. స్టేషను రోడ్డు పట్టుకుని నడిస్తే పావుగంటలో అబిడ్స్. రామకృష్ణా, జమ్రుద్, సంతోష్... ఆ పేర్లు తలుచుకుంటేనే మాకు ఆకలి వేసేది కాదు. పోస్టర్లు చూడటానికే రోజుకోసారి వెళ్లొచ్చేవాళ్లం.

నాన్నకూ సినిమాల పిచ్చే. పైగా ఆయనది మరీ చాదస్తం. టైటిల్సు పడకముందే సీట్లో ఉండాలి, శుభం కార్డు పడ్డాకే లేవాలి. మధ్యలో లేచేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "డబ్బిచ్చి కొనుక్కున్న కథరా, సగం పారేసి పోతారేమిట్రా!" అనేవారు.

ఆ ఏడాదే అబిడ్స్‌లో ఇంకో వింత జరిగింది. మెజీషియన్ బి.వి. పట్టాభిరామ్ గారు కళ్లకు గంతలు కట్టుకుని, రామకృష్ణా థియేటర్ దగ్గర బయలుదేరి చార్మినార్ దాకా స్కూటరు నడిపారు! కళ్లు తెరుచుకుని నడిపేవాళ్లకే ఆ దారి ఒక పరీక్ష. మా వీధిలో కొన్నాళ్లపాటు ఇంకో కబురు లేదు. ఆయనకు మూడో కన్నుందని ఒకరు, మంత్రమని ఒకరు. నాన్న మాత్రం నవ్వి, "గంతలు ఆయన కళ్లకు కాదురా... చూసేవాళ్ల కళ్లకు!" అన్నారు. ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. అర్థం కావడానికి నాకు నలభయ్యేళ్లు రావలసి వచ్చింది.

★ ★ ★

సెల్‌ఫోన్లు చేతిలో పట్టుకు పుట్టిన పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో హాల్లో కూర్చున్న మనిషికి బయటినుంచి కబురు అందాలంటే ఒకటే దారి. గేటుమన్ను బతిమాలితే, పైన ప్రొజెక్టరు గదిలో చిన్న గాజుపలక మీద పేరు రాసి తెరమీద పడేసేవారు. హీరోయిన్ ముఖం మీద వంకర అక్షరాలు కనబడేవి. "ఫలానా వారు వెంటనే గేటు వద్దకు రావలెను." హాలంతా ఈలలు వేసేది. ఎవరికో కొడుకు పుట్టాడని ఒకరనేవారు, పెళ్లాం వచ్చి పట్టుకుందని ఒకరనేవారు.

ఆ శనివారం మ్యాటినీకి నేను స్పెషల్ క్లాసని ఇంట్లో చెప్పి వెళ్లాను. హాలు పేరు చెప్పను. చిత్రం పేరూ చెప్పను. వాటి తప్పేం లేదు గదా, నిందపడటం దేనికి! ఇంటర్వెల్ దాటింది. విలన్ డెన్‌లో ఫైటింగు మొదలైంది. హీరో ఒక్కడే పదిమందిని ఉతుకుతున్నాడు. సరిగ్గా అప్పుడు తెరమీద నా పేరు పడింది. ఇంటిపేరుతో సహా.

నా గుండె ఆగినంత పనైంది. నాన్న వచ్చేశారనుకున్నాను. స్పెషల్ క్లాసు బండారం బయటపడింది, గేటు దగ్గర చెవి పట్టుకోవడానికి నిలబడి ఉంటారు! ఎలాగూ తన్నులు తప్పవు... ఫైటింగు అయ్యాక వెళదాంలే అనుకున్నాను.

కూర్చున్నాను. పది నిమిషాలు. అక్షరాలా పది నిమిషాలు.

ఫైటింగు అయ్యాక గేటు దగ్గరకు వస్తే, నాన్న లేరు. పక్కింటి చాచా కొడుకు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బైఠో జల్దీ" అన్నాడు. దారి పొడుగునా ఇంకో మాట మాట్లాడలేదు. ఆసుపత్రికి వెళ్లేసరికి నాన్న మీద దుప్పటి కప్పేశారు. గుండెపోటు.

పదకొండో రోజున చుట్టాల్లో ఒకావిడ, పాపం చెడు ఉద్దేశంతో కాదు, అమ్మను ఓదారుస్తూ అంది: "పిల్లాడు ఇంట్లో ఉండుంటే పరుగెత్తి ఆటో అన్నా పిలిచేవాడు కదమ్మా!"

అంతే. ఆ ఒక్క వాక్యం నాలో దిగబడిపోయింది. ఆటో పిలవవలసిన కొడుకు సినిమా హాల్లో ఉన్నాడు. పిలిచినా రాని కొడుకు. అసలు సంగతి, అంటే ఆ పది నిమిషాల సంగతి, ఎవరికీ చెప్పలేదు. స్లైడు వెయ్యగానే బయటికొచ్చానని అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు.

★ ★ ★

ఆ తర్వాత ఏ హాల్లోనైనా లైట్లు ఆరిపోతే చాలు, నా అరచేతులు చెమటలు పట్టేవి. గుండె దడదడ. ఊపిరి అందేది కాదు. ఇంకో క్షణంలో తెరమీద నా పేరు పడుతుందన్న భయం. లేచి బయటికొచ్చేసేవాణ్ణి. నాన్నకు ఒళ్లుమండే పని!

సినిమా పిచ్చి మాత్రం పోలేదు. పాటలు రేడియోలో విన్నాను. కథలు పత్రికల్లో చదివాను. ఎవరెవరు ఏయే చిత్రంలో ఏ వేషం వేశారో నన్నడిగితే ఠకాలున చెప్పేవాణ్ణి. హాల్లో మాత్రం కూర్చోలేను! పెళ్లయిన కొత్తలో మా ఆవిడను సినిమాకు తీసుకెళ్లి, టైటిల్సులోనే "తలనొప్పి" అని బయటికొచ్చి, మూడు గంటలు సైకిలు స్టాండు దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఒక్కతే సినిమా చూసింది. ఎంత అవమానపడిందో తర్వాతెప్పుడో చెప్పింది.

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు అడిగింది: "నాన్నా, నీకు నేనంటే ఇష్టం లేదా? అందరి నాన్నలూ పక్కన కూర్చుంటారు. నువ్వెందుకు పారిపోతావు?"

అది 2009. నాకు నలభయ్యేళ్లు.

"ఎవరికైనా చూపించుకోరాదూ" అంది మా ఆవిడ. చూపించుకోవడమంటే ఎవరికి? మన ఊళ్లో అలాంటి మాట ఎత్తితే మొదట నోటికొచ్చేది ఎర్రగడ్డ! నలుగురూ నవ్వుకోవడానికి మనవాళ్లు వాడే మాట అది. అక్కడ వైద్యం జరుగుతుందనీ, నయమై ఇంటికెళ్లేవాళ్లు ఉంటారనీ ఆ నవ్వులో మరిచిపోతాం.

మనసు జబ్బుల గురించి నాకు తెలిసిందల్లా సినిమాల్లోంచి తెలిసిందే. మన చిత్రాల్లో మతి పోవడానికీ రావడానికీ ఒకటే మందు గదా, తలమీద దెబ్బ! మెట్లమీంచి దొర్లితే గతం పోతుంది. క్లైమాక్సులో ఎవడో కర్రతో కొడితే తిరిగొస్తుంది. "నేనెక్కడున్నాను?" అంటాడు. శుభం!

రెండోది హిప్నాటిజం. అది పట్టాభిరామ్ గారి పుణ్యం. స్కూటరు నడిపిన ఆ ఇంద్రజాలికుడు తర్వాత సైకాలజీ, కౌన్సెలింగ్ చదువులు చదివి, మనస్తత్వ నిపుణుడిగా మారారు. పుస్తకాలు రాశారు. పత్రికల్లో, టీవీల్లో మాట్లాడారు. 'కౌన్సెలింగ్' అన్న మాట మా అమ్మలాంటివాళ్ల నోట కూడా పలికిందంటే ఆయనలాంటివాళ్లు విసుగులేకుండా చెప్పినందువల్లనే. ఆయన జీవితకథలో నన్ను పట్టుకున్న ముక్క ఒకటుంది. చదువుకునే రోజుల్లో చెట్టుమీంచి పడి కాలు దెబ్బతింటే, తోటిపిల్లలు గేలిచేశారట. ఆ చిన్నతనాన్ని జయించడానికే ఇంద్రజాలం నేర్చుకున్నారట. ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తూనే స్టేజీ ఎక్కారు. బాబాలు చేసే మహిమలన్నీ చేతివాటమేనని ప్రదర్శనలిచ్చి చూపించారు. మహిమ లేదని తెలిసిన మనిషే మనసుకు మందు చెప్పడానికి కూర్చున్నారన్నమాట. ఇందులోని అర్థం నాకు తర్వాతగాని తట్టలేదు.

★ ★ ★

నాంపల్లికీ అబిడ్స్‌కూ మధ్య ఒక సందులో, జిరాక్సు షాపు పైన, మేడమీద చిన్న గది. ఒక సైకాలజిస్టు, యాభయ్యేళ్లావిడ, అక్కడ కూర్చునేవారు. మా ఆవిడ స్నేహితురాలు చెబితే వెళ్లాను. మెట్లెక్కుతుంటే తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని రెండుసార్లు వెనక్కు తిరిగి చూసుకున్నాను. చూస్తే జిరాక్సు కోసం వచ్చానని చెప్పడానికి చేతిలో రేషన్ కార్డు పట్టుకున్నాను కూడా!

"డాక్టరు గారూ..." అన్నాను.

"నేను మందులు రాసే డాక్టర్ని కాదండీ. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను. నాతో మీరు మాట్లాడాలి, అంతే."

నేను ముందే సిద్ధం చేసుకున్న డైలాగు చెప్పేశాను: "నన్ను హిప్నటైజ్ చేసి ఒక రోజును చెరిపేయండి మేడమ్. ఎంతైనా ఇచ్చుకుంటాను."

ఆవిడ నవ్వలేదు. "ఆ పని ఎవరూ చెయ్యలేరండీ" అన్నారు నెమ్మదిగా. హిప్నాసిస్ అంటే నిద్ర కాదనీ, మనసును ఒకచోట నిలపడమనీ చెప్పారు. 1840లలో ఆ పేరును ప్రచారంలోకి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ సర్జనే తర్వాత, నిద్రను సూచించే ఆ పేరు సరైంది కాదనుకున్నాడట. ఫ్రాయిడ్ కూడా మొదట హిప్నాసిస్‌తోనే మొదలుపెట్టి, తర్వాత దాన్ని వదిలేసి, మనిషి మెలకువగా ఉండి మనసులో మాట చెప్పుకోవడమే మేలనుకున్నాడట. "కొందరికి కొన్ని బాధలకు హిప్నాసిస్ ఉపయోగపడుతుంది. కానీ జ్ఞాపకాన్ని పలకమీద రాతలా తుడిచేయడం సినిమాల్లోనే."

పలక అనగానే నాకు ఆ గాజుపలక గుర్తొచ్చింది. ఏడుపొచ్చేసింది. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. ఆవిడ మంచినీళ్ల గ్లాసు ఇటు జరిపి కూర్చున్నారు. "ఊరుకోండి, ఏడవకండి" అనలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఏడుస్తుంటే ఊరుకోమనని మొదటి మనిషి ఆవిడ.

నాలుగోసారి వెళ్లినప్పుడు పది నిమిషాల సంగతి చెప్పాను. చెప్పి, ఆవిడ ముఖం వంక చూశాను. అసహ్యం కనబడుతుందేమోనని వెతికాను. కనబడలేదు. పోనీ, "అయ్యో, అందులో మీ తప్పేముందండీ" అంటారేమో అనుకున్నాను. అదీ అనలేదు. అని ఉంటే మళ్లీ వెళ్లేవాణ్ణి కాదేమో! తేలిగ్గా ఇచ్చిన క్షమాపణ తేలిగ్గానే జారిపోతుంది.

ఆవిడ అడిగింది ఒక్కటే: "ఆ పది నిమిషాలూ మీకేమనిపించిందండీ?"

ఇరవయ్యారేళ్లుగా నన్ను నేనే దొంగలా బోనులో నిలబెట్టుకున్నాను గాని, ఈ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు. ఆలోచిస్తే తెలిసింది. నేను ఫైటింగు చూడలేదు! కళ్లు తెరమీదే ఉన్నాయి, ఏమీ కనబడలేదు. భయం. నాన్న కొడతారన్న భయం. ఒక చిన్న కుర్రాడి భయం.

"మీ అమ్మాయి పద్నాలుగేళ్లప్పుడు భయపడి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఇరవయ్యారేళ్లు శిక్ష వేస్తారా?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా కనబడలేదు.

ఇంకోరోజు, "ఆటో రాలేదని మీకెవరు చెప్పారు?" అన్నారు. నిజమే, ఎవరు చెప్పారు? ఆ చుట్టాలావిడ 'ఉంటే పిలిచేవాడు' అంది, అంతే. నేను ఏనాడూ అమ్మను అడగలేదు. ఆ రాత్రి అడిగాను. "ఆటో రాకపోవడమేమిటి! చాచా స్టేషను ముందునుంచి అప్పుడే పట్టుకొచ్చాడు. నాన్నను ఎత్తుకుని తనే ఎక్కించాడు. ఆటో వెళ్లిపోయాకే వాళ్ల పిల్లాణ్ణి నీకోసం పంపించారు" అంది అమ్మ.

అంటే నేను పిలవవలసిన ఆటో, నా పేరు తెరమీద పడకముందే వెళ్లిపోయింది! ఇరవయ్యారేళ్లు నేను మోసింది, ఎక్కడా జరగని ఒక సన్నివేశం.

మరి ఆ పది నిమిషాలు? అవి మాత్రం జరిగాయి. ఆ పది నిమిషాల్లో నాన్న ఒకసారి కళ్లు తెరిచారేమో, నాకోసం చూశారేమో, ఎవరికీ తెలియదు. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ చాలాసేపు ఆగి, "అది తెలియకుండానే ఉండిపోతుందండీ. అది దుఃఖం. దుఃఖం వేరు, నేరం వేరు. మీరు రెండూ ఒకే మూటలో కట్టేశారు" అన్నారు.

చాలామంది పెద్దవాళ్ల బాధ ఈ మూటేనేమో అని నాకిప్పుడు అనిపిస్తుంది. నేరమైతే శిక్ష ఉండాలి. దుఃఖానికి కావలసింది శిక్ష కాదు, పక్కన కూర్చునే మనిషి.

★ ★ ★

ఇక్కడ మన సినిమా ఒకటి తలుచుకోవాలి. 1960లో గుత్తా రామినీడు గారి దర్శకత్వంలో వచ్చిన 'చివరకు మిగిలేది'. సుచిత్రా సేన్ నటించిన 1959 నాటి బెంగాలీ చిత్రం 'దీప్ జ్వేలే జాయ్' దీనికి మాతృక. హిందీలో వహీదా రెహమాన్‌తో 'ఖామోషీ'గా వచ్చింది కూడా ఈ కథే. తెలుగులో సావిత్రి గారు మానసిక చికిత్సాలయంలో నర్సు. ఈ చిత్రంతో తెరకు పరిచయమైన ఎం. ప్రభాకరరెడ్డి గారు నిజజీవితంలో కూడా డాక్టరే. మన కోఠీలోని ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదువుకున్నాయన. కథ మీకు తెలిసే ఉంటుంది. రోగికి నయం చెయ్యడానికి నర్సు ప్రేమ నటించాలి. నటిస్తూ నటిస్తూ నిజంగానే మనసిచ్చేస్తుంది. రోగి బాగుపడి వెళ్లిపోతాడు. చివరకు ఆ నర్సే పిచ్చిదైపోతుంది.

మా మేడమ్‌తో ఈ చిత్రం గురించి అన్నాను. "మీకు రోజూ ఇన్ని ఏడుపులు వింటే ఏమవుతుంది మేడమ్?" అని.

"అందుకేనండీ మేము నటించకూడదు. గడియారం చూసుకుని లేవాలి. మాకూ బరువైతే మా పెద్దవాళ్ల దగ్గర కూర్చుని చెప్పుకోవాలి" అన్నారు. అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1957లో రాసిన ఒక వ్యాసం గురించి చెప్పారు. మాటలతో వైద్యం చేసేవారికి మూడు లక్షణాలుండాలన్నాడట ఆయన. నటించకుండా తను తనలా ఉండటం. ఎదుటి మనిషిని షరతుల్లేకుండా అంగీకరించడం. అతని కళ్లతో అతని లోకాన్ని చూడగలగడం. 'చివరకు మిగిలేది' నర్సుకు రెండూ మూడూ పుష్కలంగా ఉన్నాయి. మొదటిది లేకుండా చేసింది ఆమెకిచ్చిన వేషం. జాలి ఒక్కటే ఉంటే చాలదన్నమాట, దానికో గట్టు కూడా ఉండాలి.

ఆవిడ ఈ వృత్తిలోకి ఎందుకొచ్చారో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. కానీ పట్టాభిరామ్ గారి కాలు, పిల్లల ఎగతాళి గుర్తొచ్చి, ఈవిడకూ ఎక్కడో ఒక దెబ్బ తగిలే ఉంటుందనుకున్నాను. దెబ్బతిన్న ప్రతివాడూ వైద్యుడు కాలేడు. చాలామంది ఆ దెబ్బ ఇంకొకరికి తగిలిస్తారు. కొందరు మాత్రం, నొప్పి ఎలా ఉంటుందో నాకు తెలుసు గనుక నీ నొప్పిని చిన్నది అనను అంటారు. కరుణ అంటే నాకు తెలిసినంతలో అదే.

★ ★ ★

మాటలతో సగం దూరం వచ్చాం. మిగతా సగం నడవాలి గదా! భయమున్న చోటికి మెట్టు మెట్టుగా వెళ్లాలన్నారు ఆవిడ. జోసెఫ్ వోల్పే అనే దక్షిణాఫ్రికా డాక్టరు 1950లలోనే ఈ మెట్ల పద్ధతికి ఒక క్రమం ఏర్పరిచాడట.

మొదటి వారం హాలు ముందు నిలబడి పోస్టర్లు చూసి రావడం. (అది నాకు చిన్నప్పటి విద్యే!) రెండో వారం టిక్కెట్టు కొని, లోపలికెళ్లకుండా లాంజ్‌లో సమోసా తిని రావడం. తర్వాత చివరి వరసలో, నడవ పక్క సీట్లో, లైట్లు ఆరేదాకా కూర్చోవడం. ఆ తర్వాత పది నిమిషాలు. గుండె దడ వస్తే పారిపోకుండా, అది ఎక్కి దిగేదాకా ఆగడం. దిగుతుందండీ! అదే నాకు తెలియని రహస్యం. అంతకు ముందు అది దిగేదాకా నేనెప్పుడూ ఆగలేదు.

నా పాత హాలు అప్పటికే మూతపడింది. ఇంకో హాల్లో, ఓ ఆదివారం, మా ఆవిడ ఒకవైపు, మా అమ్మాయి ఒకవైపు. ఏదో కామెడీ చిత్రం. లైట్లు ఆరాయి. అరచేతులు తడిశాయి. మా అమ్మాయి తన చెయ్యి నా చేతిలో పెట్టి, "నాన్నా, చెమట!" అని తుడుచుకుని, మళ్లీ పెట్టింది. ఇంటర్వెల్ తర్వాత ఒక ఫైటింగు వచ్చింది. తెరమీద నా పేరు పడలేదు. పడితే లేచి వెళదామని నిశ్చయించుకుని కూర్చున్నాను. చివరిదాకా కూర్చున్నాను. అందరూ వెళ్లిపోయాక కూడా, నాన్నలాగా, పేర్లన్నీ అయ్యేదాకా.

పూర్తిగా నయమైందా అంటే, కాలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు గుండె ఉలిక్కిపడుతుంది. అయినా లేవను.

అమ్మకు మాత్రం పది నిమిషాల సంగతి చాలా ఆలస్యంగా చెప్పాను. చెబితే తట్టుకోలేదేమోనని భయం. విని, అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. చివరకు అంది: "మీ నాన్నయితే శుభం పడేదాకా లేచేవారు కాదురా!"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ ఏడ్చాం. ఎన్నో ఏళ్ల తర్వాత నాన్న మా ఇంట్లోకి శవంగా కాక, సినిమా పిచ్చివాడిగా వచ్చి కూర్చున్నారు.

★ ★ ★

2025 జూన్ 30న పట్టాభిరామ్ గారు పోయారు. ఆ వార్త చదివిన సాయంత్రం నాంపల్లి స్టేషను నుంచి అబిడ్స్ దాకా ఊరికే నడిచాను. రామకృష్ణా లేదు. ఆయన స్కూటరు బయలుదేరిన చోట ఎవరికీ ఏ గుర్తూ లేదు. ఆదివారం కాదు గనుక ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలూ లేవు. ట్రాఫిక్ మాత్రం అప్పటికంటే పదింతలు. ఇందులోంచి కళ్లకు గంతలతో వెళ్లాలంటే మహిమ కావాలనిపించింది. మహిమ లేదు, సాధనే అని జీవితమంతా చెప్పిన మనిషిని తలుచుకుని సిగ్గుపడ్డాను.

నాన్న అన్న మాట అక్కడ నిలబడితే తెలిసింది. గంతలు ఆయన కళ్లకు లేవు. ఇరవయ్యారేళ్లు కట్టుకు తిరిగింది నేనే. ఆ ముడి ఎవరూ మంత్రం వేసి విప్పలేదు. మేడమీద గదిలో ఒకావిడ, ముడి ఎక్కడుందో నా వేళ్లకే తెలిసేదాకా, ఓపిగ్గా కూర్చున్నారు. అంతే.

సినిమా పత్రికలో ఇదంతా ఎందుకు రాశాననకండి. ఈ పత్రిక చదివే మీలో ఎవరో ఒకరికి లోపల ఒక స్లైడు పడే ఉంటుంది. "ఫలానా వారు వెంటనే గేటు వద్దకు రావలెను" అని. తన్నులు తప్పవన్న భయంతో లేవకుండా కూర్చుని ఉంటారు. ఇప్పుడు మాకున్నంత కష్టం మీకు లేదు. 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలీ మానస్ అని ఒక ఫోను సేవ పెట్టింది. 14416 కు ఏ వేళ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. చేతిలో రేషన్ కార్డు అక్కర్లేదు.

గేటు దగ్గర నిలబడ్డది మిమ్మల్ని కొట్టడానికి వచ్చినవాళ్లేనని అనుకోకండి. లేచి వెళ్లి చూడండి.